పేరు రాసుకునేదాకా

యుద్ధంలో పట్టుబడ్డ సైనికుడికి అసలు గండం ఎక్కడుందని అడిగితే చాలామంది జైలు గోడల వైపు చూపిస్తారు. నా లెక్క వేరు. అతను చేతులెత్తిన క్షణానికీ, అతని పేరు ఒక రిజిస్టరులోకి ఎక్కి ఆ సంగతి మూడో మనిషికి తెలిసే క్షణానికీ మధ్య ఒక సందు ఉంటుంది. ఒక్కోసారి అది గంట, ఒక్కోసారి ఏళ్లు. ఘోరాల్లో ఎక్కువ భాగం ఆ సందులోనే జరుగుతాయి. అందులో ఉన్నంతసేపు ఆ మనిషి ఎవరి లెక్కలోనూ లేడు. కొట్టినా చంపినా "అలాంటివాడు మాకు దొరకలేదు" అనే ఒక్క మాటతో పని జరిగిపోతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకి ఇది ఎక్కడో దూరాన జరిగే సంగతి కాదు. తెల్లవారుజామున రోడ్డు మీద పరుగు తీసే కుర్రాళ్లు లేని ఊరు ఇక్కడ తక్కువ. వీధికి ఒకరో ఇద్దరో ఆర్మీలోనో, బీఎస్‌ఎఫ్‌లోనో, సీఆర్‌పీఎఫ్‌లోనో ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. ఇక తీరం వెంబడి పల్లెలు ప్రతి ఏటా గుజరాత్ వేటకు మగవాళ్లని పంపుతాయి. సరిహద్దు అవతల పట్టుబడే అవకాశమున్న రెండు రకాల మనుషులూ మన ఇళ్లలోనే ఉన్నారన్నమాట. అయినా టీవీలో జెనీవా ఒప్పందం పేరు వినడమే తప్ప అందులో ఏం రాసుందో మనకు ఎవరూ విప్పి చెప్పరు. చెప్పవలసినంత ఉంది.

1949 ఆగస్టు 12న కుదిరిన నాలుగు జెనీవా ఒప్పందాల్లో మూడోది పూర్తిగా యుద్ధఖైదీల గురించే. మొత్తం 143 అధికరణలు. చదివితే ఆశ్చర్యం వేసేది అందులోని నీతివాక్యాలు కాదు, కొలతలు. ఖైదీకి ఉండాల్సిన గుర్తింపు కార్డు 6.5 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు. రెండు ప్రతులు తీయాలి. నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు ఇంటికి రాసుకోనివ్వాలి. క్రమశిక్షణ శిక్ష ఏదైనా 30 రోజులు దాటకూడదు. పారిపోబోయి దొరికినవాడికి కూడా ఆ క్రమశిక్షణ శిక్షే తప్ప అంతకుమించి వేయకూడదు. నెలకోసారి ప్రతి ఖైదీనీ డాక్టరు పరీక్షించి బరువు తూచి రాయాలి. దీన్ని రాసినవాళ్లు రెండో ప్రపంచయుద్ధం చూసి వచ్చినవాళ్లు. మనిషిని ఎక్కడెక్కడ మాయం చేస్తారో, ఎలా చేస్తారో వాళ్లకి తెలుసు. అందుకే ఆ దారులన్నిటికీ ఒక్కో కాగితం అడ్డం పెట్టారు.

ఆ కాగితాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఒక చిన్న కార్డు. ఒప్పందం చివర అనుబంధంలో దాని నమూనా ఉంది. 15 సెంటీమీటర్ల పొడవు, 10.5 సెంటీమీటర్ల వెడల్పు. పట్టుబడ్డ వెంటనే, ఎంత ఆలస్యమైనా శిబిరానికి చేరిన వారం లోపు, ఖైదీ దాన్ని నింపే వీలు కల్పించాలి. ఏ దేశం తరఫువాడు, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, హోదా, సైనిక నంబరు, ఇంట్లోవాళ్ల చిరునామా, ఏ రోజు పట్టుబడ్డాడు. ఆ తర్వాత ఆరోగ్యం వరస: బాగున్నాను, స్వల్పంగా గాయపడ్డాను, తీవ్రంగా గాయపడ్డాను, కోలుకున్నాను, జబ్బుగా ఉన్నాను. వర్తించనివి కొట్టేయాలి. సొంతంగా ఒక్క మాట కూడా అదనంగా రాయకూడదని కింద హెచ్చరిక ఉంటుంది. ఆ హెచ్చరిక మొదటిసారి చదివితే కర్కశంగా అనిపిస్తుంది. కానీ అది ఉండబట్టే కార్డు సెన్సారు బల్ల మీద ఆగిపోకుండా పోతుంది. సొంత మాట లేకపోతే చదివి అనుమానించాల్సింది ఏమీ ఉండదు. ఒక కార్డు ఇంటికి, ఒకటి జెనీవాలో రెడ్‌క్రాస్ నడిపే కేంద్ర అన్వేషణ సంస్థకి వెళ్తాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ సంస్థ సుమారు 70 లక్షల కార్డులు చేత్తో రాసి పేర్చిపెట్టింది.

ఏ తల్లయినా వాకిట్లో కూర్చుని అడిగేది "మావోడు బతికున్నాడా, నేదా? ఆ ఒక్క ముక్క సెప్పండి బాబూ" అనే. ఆ ముక్కకి జవాబు ఈ కార్డు. దానికి ఇంకో పని కూడా ఉంది. కార్డు బయటికి పోయిందని తెలిశాక ఆ ఖైదీ మీద చెయ్యి వేసేవాడు ఒకసారి ఆలోచిస్తాడు. రేపు ఈ మనిషి ఏడని అడుగుతారు. "దొరకలేదు" అనడానికి ఇక కుదరదు.

పట్టుబడిన తొలి గంటల్లో ఎందుకు అంత చెడుతుందో చూడాలి. పట్టుకున్నది జైలు సిబ్బంది కాదు. పది నిమిషాల కిందట తమ పక్కవాడు చచ్చిపోవడం చూసిన సైనికులు. ఒళ్లంతా కోపం, భయం, నిద్రలేమి. పైనుంచి వైర్‌లెస్‌లో "వాళ్ల మిగతావాళ్లు ఎక్కడున్నారో అడగండి" అని తొందర. ఆ సమాచారానికి విలువ కొన్ని గంటలే కాబట్టి కొట్టయినా రాబట్టాలనే ఒత్తిడి. కాపలా కాయడానికి వేరే మనుషులు ఉండరు, బండి ఉండదు, వైద్యం చేసేవాడు తమ గాయపడ్డవాళ్లతో సతమతమవుతుంటాడు. అందుకే క్రమశిక్షణ ఉన్న సైన్యాలు ఈ ఘట్టాన్ని ముందే కసరత్తు చేయిస్తాయి: సోదా చెయ్యి, మాట్లాడుకోనివ్వకు, ఆఫీసర్లని వేరుచెయ్యి, త్వరగా వెనక్కి తరలించు, దారిలో కాపాడు, చీటీ కట్టు. అమెరికన్ సైన్యం వాడే చీటీకి మూడు ముక్కలుంటాయి. ఒకటి ఖైదీ ఒంటి మీద, ఒకటి పట్టుకున్న దళం దగ్గర, ఒకటి అతని సామాను మూటకి. తేదీ, సమయం, స్థలం, పట్టుకున్న దళం పేరు అందులో ఉంటాయి. ఆ చీటీ కట్టిన క్షణం నుంచి ఈ ప్రాణానికి ఫలానా దళం పూచీ అని తేలిపోతుంది. చీటీ లేకుండా చేతులు మారిన ఖైదీ ఎవరి పూచీలోనూ లేడు. శవమై తేలినప్పుడు ముందు దళం వెనక దళాన్ని చూపిస్తుంది, వెనక దళం ముందు దళాన్ని చూపిస్తుంది.

చిన్నవిగా కనిపించే తప్పులే ఇక్కడ శాశ్వత గాయాలవుతాయి. చేతులు వెనక్కి విరిచి ప్లాస్టిక్ కట్టు బిగించి గంటల తరబడి వదిలేస్తే మణికట్టు నరాలు చచ్చుబడతాయి. బొటనవేలి మొదట్లో స్పర్శ నెలల పాటు, కొందరికి ఎప్పటికీ తిరిగిరాదు. తలకి సంచి తొడిగి ఎండలో బోర్లా పడుకోబెడితే, పైన ఒక మోకాలు కూడా ఆనిస్తే, ఊపిరాడక మనిషి పోతాడు. చంపాలని ఎవరూ అనుకోకపోయినా పోతాడు.

బూట్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఖైదీ పరుగెత్తకుండా ఉండాలంటే బూట్లు లాగేసుకోవడం కంటే సులువైన మార్గం లేదని ముందు వరసలో చాలా దళాలకు తోస్తుంది. 1998-2000 మధ్య ఇథియోపియా, ఎరిట్రియా కొట్టుకున్నాయి. ఆ యుద్ధం తర్వాత ఇద్దరి ఫిర్యాదులూ విన్న క్లెయిమ్స్ కమిషన్ 2003లో యుద్ధఖైదీల విషయంపై తీర్పులు ఇచ్చింది. ఖైదీల కాళ్ల నుంచి బూట్లు తీసేసి రాళ్లూ ముళ్లూ ఉన్న నేల మీద నడిపించడాన్ని అది చిన్న విషయంగా వదల్లేదు, అమానుషమని తేల్చి బాధ్యత మోపింది. ఆలోచిస్తే ఎందుకో అర్థమవుతుంది. గాయపడ్డ మనిషి, దాహంతో ఉన్నవాడు, మంటెక్కిన నేల మీద వట్టికాళ్లతో పది కిలోమీటర్లు. పొక్కులు చిట్లుతాయి, మట్టి పడుతుంది, చీము పడుతుంది, నడవలేనివాడు వెనకబడతాడు. వెనకబడ్డవాడి గతేమిటో 1942 ఏప్రిల్లో ఫిలిప్పీన్స్‌లోని బతాన్ నడకలో చూశాం. సుమారు 100 కిలోమీటర్ల దారిలో ఆగిపోయినవాళ్లని జపాన్ సైనికులు బాయినెట్లతో పొడిచారు. జెనీవా ఒప్పందం 18వ అధికరణ ప్రకారం దుస్తులు, వాడుకునే వస్తువులు, ఆఖరికి హెల్మెట్ కూడా ఖైదీ దగ్గరే ఉంచాలి. మనసుకు దగ్గరైన వస్తువులు, అంటే పెళ్లి ఉంగరంలాంటివి తీసుకోకూడదు. డబ్బు తీసుకుంటే ఆఫీసరు ఉత్తర్వు మీద, రసీదు ఇచ్చి తీసుకోవాలి. ఇక్కడ కూడా మళ్లీ కాగితమే.

మన దేశంలో ఈ సందు ఎంత లోతో చూపించిన పేరు కెప్టెన్ సౌరభ్ కాలియా. 1999 మే నెలలో కార్గిల్ ప్రాంతంలో గస్తీకి వెళ్లి 4 జాట్ రెజిమెంటుకు చెందిన అయిదుగురు జవాన్లతో పాటు పట్టుబడ్డారు. జూన్ 9న మృతదేహాలు వచ్చాయి. చిత్రహింసలు పెట్టి చంపారని మన సైన్యం చెప్పింది, పాకిస్తాన్ కాదంది. ఆ మూడు వారాలకు పైగా కాలంలో వాళ్ల పేర్లతో ఒక కార్డు కూడా బయటికి రాలేదు. అదే యుద్ధంలో, అదే మే 27న, విమానం నుంచి దూకి పట్టుబడ్డ ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత వారం తిరిగేసరికి, జూన్ 3న రెడ్‌క్రాస్ ద్వారా ప్రాణాలతో తిరిగొచ్చారు. ఆయన్నీ కొట్టారు. కానీ ఆయన పట్టుబడ్డ సంగతి ప్రపంచానికి తెలిసిపోయింది. ఒకే యుద్ధం, ఒకే ప్రత్యర్థి, రెండు గతులు. తేడా పూర్తిగా దానివల్లే అనను, కానీ ఆ తేడాని పక్కన పెట్టి దీన్ని అర్థం చేసుకోలేం.

2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో కల్నల్ సంతోష్ బాబు చనిపోయారు. ఆయన మన విజయనగరం పక్కనున్న కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్నవారు కాబట్టి ఆ వార్త ఇక్కడ ఇంటి వార్తలాగే వచ్చింది. ఆ తర్వాత మూడు రోజులకి, ఇద్దరు మేజర్లు సహా పదిమంది మనవాళ్లని చైనా వదిలిపెట్టిందని పత్రికలు రాశాయి. అదే 18న ప్రభుత్వం మాత్రం తప్పిపోయినవాళ్లు ఎవరూ లేరని చెప్పింది. చర్చలు నడుస్తున్నప్పుడు నోరు కట్టుకోవలసిన కారణాలు ఉండొచ్చు. అయినా ఆ మూడు రోజులు ఆ పదిళ్లలో ఎలా గడిచి ఉంటాయి? "యుద్ధం ప్రకటించలేదు కదా, జెనీవా ఎలా వర్తిస్తుంది" అని ఇలాంటప్పుడు కొందరు అంటారు. రెండో అధికరణ చదివితే ఆ సందేహం తీరుతుంది. రెండు దేశాల సాయుధ దళాల మధ్య ఘర్షణ జరిగితే చాలు, యుద్ధం అనే మాట ఎవరూ వాడకపోయినా ఒప్పందం వర్తిస్తుంది.

ఇప్పుడు మన చేతుల్లో ఉన్న ఫోన్ల గురించి. 2019 ఫిబ్రవరి 27న మన వింగ్ కమాండర్ అభినందన్ పాకిస్తాన్‌లో పట్టుబడ్డప్పుడు కళ్లకు గంతలు, ముఖం మీద రక్తంతో ఉన్న వీడియో గంటలో దేశమంతా తిరిగింది. ఆయన పేరు, సర్వీసు నంబరు చెప్పారు, మిగతావి చెప్పకూడదన్నారు. 17వ అధికరణ ఆయన్ని చెప్పమన్నది కూడా అంతే: పేరు, హోదా, పుట్టిన తేదీ, నంబరు. ఖైదీని జనం వేడుక చూసే వస్తువుగా మార్చకూడదని 13వ అధికరణ అంటుంది. ఆ వీడియో దాన్ని ఉల్లంఘించింది, మన విదేశాంగ శాఖ అదే మాట గట్టిగా చెప్పింది. కానీ ఆ వీడియోని ముందుకు పంపినవాళ్లలో మనమూ ఉన్నాం. శత్రు సైనికుణ్ణి మోకాళ్ల మీద కూర్చోబెట్టిన వీడియో వస్తే ఇంకా ఉత్సాహంగా పంపుతాం. ఎవరి కొడుకైనా ఆ ముఖం ఒకటే. ముఖం బయటపడడం వల్ల కూడా మేలు జరుగుతుంది కదా, మాయం చేయలేరు కదా అనే వాదన ఉంది. నిజమే, ఒక్కోసారి జరుగుతుంది. అయితే ఆ మేలుకు ఒక పేరు, ఒక నంబరు, రెడ్‌క్రాస్‌కి ఒక జాబితా చాలు. అవమానం అక్కర్లేదు.

కెమెరా ముందు మాట్లాడించడం ఎంత దూరం పోతుందో వియత్నాం యుద్ధంలో తెలిసింది. 1966లో హనోయ్‌లో ఖైదీగా ఉన్న అమెరికన్ నౌకాదళ పైలట్ జెరెమయా డెంటన్‌ని టీవీ ముందు కూర్చోబెట్టి బాగా చూసుకుంటున్నారని చెప్పించాలని చూశారు. లైట్ల వెలుగు కళ్లలో పడుతున్నట్టు నటిస్తూ ఆయన రెప్పలు ఆర్పుతూ మోర్స్ సంకేతంలో ఒక్క మాట పంపారు: చిత్రహింస.

పేరు రాసుకున్నంత మాత్రాన అంతా అయిపోదు. అసలు వాదన ఇక్కడే కొంచెం చిక్కుపడుతుంది. ఉక్రెయిన్ యుద్ధం చూడండి. ఖైదీల జాబితాలు ఉన్నాయి, మార్పిడులు జరుగుతున్నాయి, వేలమంది ఇళ్లకు చేరారు. అయినా 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం ఇరుపక్షాల ఖైదీలతో, ఒక్కో వైపు రెండు వందల మందికి పైగా, మాట్లాడి ఇచ్చిన నివేదికలో, రష్యా చేతికి చిక్కిన ఉక్రెయిన్ ఖైదీల్లో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా హింసకో దుర్మార్గానికో గురయ్యామని చెప్పారు. రష్యన్ ఖైదీల్లో సుమారు సగంమంది తమకూ అలాగే జరిగిందన్నారు, ఎక్కువగా పట్టుబడ్డ చోటా, తరలించే దారిలోనూ. రష్యా జైళ్లలో కొత్తగా తెచ్చినవాళ్లని వరసగా నిలబడ్డ సిబ్బంది మధ్య నుంచి పరుగెత్తిస్తూ కొట్టే పద్ధతి ఉంది, దాన్ని "చేర్చుకోవడం" అంటారు. అంటే ఇక్కడ రిజిస్టరు ఉంది కానీ చూసే కన్ను లేదు. రెడ్‌క్రాస్ ప్రతినిధులు శిబిరంలో ప్రతి గదికీ వెళ్లాలి, ఖైదీతో సాక్షులు లేకుండా మాట్లాడాలి, ఎప్పుడు ఎన్నాళ్లు వెళ్లాలో వాళ్లే నిర్ణయించుకోవాలి. 126వ అధికరణ ఈ హక్కుని ఇస్తుంది. అక్కడ ఆ హక్కుని పూర్తిగా వాడుకోనివ్వలేదు. 2022 జులై చివర, తూర్పు ఉక్రెయిన్‌లో రష్యా చేతుల్లో ఉన్న ఒలెనివ్కాలో ఖైదీల బ్యారక్ పేలి యాభైమందికి పైగా చనిపోతే స్వతంత్ర దర్యాప్తు బృందం లోపల అడుగుపెట్టలేకపోయింది. ఖైదీలు జైళ్లలో ఉండకూడదనే నియమం కూడా ఉంది. 22వ అధికరణ ప్రకారం యుద్ధఖైదీని నేరస్థుల జైల్లో పెట్టకూడదు, అతను నేరం చేయలేదు కాబట్టి.

పేరూ, చూసే కన్నూ రెండూ ఉంటే ఎంత తేడా వస్తుందో రెండో ప్రపంచయుద్ధం అంకెల్లో ఉంది. జర్మనీ పట్టుకున్న సోవియట్ సైనికులు సుమారు 57 లక్షలు. అందులో దాదాపు 33 లక్షల మంది చనిపోయారు. అదే జర్మనీ, ఇటలీ చేతుల్లో అమెరికన్, బ్రిటిష్ ఖైదీల్లో చనిపోయింది నూటికి నలుగురు. జపాన్ చేతుల్లో నూటికి 27 మంది. సోవియట్లని తక్కువజాతి మనుషులుగా చూసిన నాజీ విధానమే దీనికి ప్రధాన కారణం, కాగితాలు లేకపోవడం కాదు. అయినా పాశ్చాత్య ఖైదీల శిబిరాలకి తటస్థ దేశాల తనిఖీలు వచ్చేవి, రెడ్‌క్రాస్ ఆహారప్పొట్లాలు వచ్చేవి, జాబితాలు జెనీవాకి పోయేవి. సోవియట్ ఖైదీలున్న శిబిరాలకి ఇవేవీ లేవు.

నెలవారీ తూకం గురించి ఇందాక అన్నాను. అది ఎందుకంత ముఖ్యమో బర్మా రైలు మార్గం చెబుతుంది. 1942-43లో థాయిలాండ్ నుంచి బర్మాకి 415 కిలోమీటర్ల దారి వేయించడానికి జపాన్ 60,000కు పైగా మిత్రపక్ష ఖైదీలని వాడింది, 12,000కు పైగా చనిపోయారు. వాళ్ల పక్కనే, ఏ ఒప్పందమూ కాపాడని ఆసియా కూలీలు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువమంది చనిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులు, తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. మన ఉత్తరాంధ్ర నుంచి మలయాకీ, రంగూన్‌కీ కూలికి వెళ్లినవాళ్ల కథల్లో ఇది ఇంతవరకు సరిగా రాయని భాగం. వాళ్లకి పేర్ల జాబితా లేదు, అందుకే ఎంతమందో ఇవాళ్టికీ ఖచ్చితంగా చెప్పలేం. శిబిరాల్లో తిండి అంటే మిల్లు పట్టిన తెల్లబియ్యం. తవుడు పోయిన బియ్యంలో బి1 విటమిన్ ఉండదు. కొన్ని వారాలకి కాళ్లు వాస్తాయి, నరాలు చచ్చుబడతాయి, గుండె అలిసిపోతుంది: బెరిబెరి. ఎవరూ కొట్టనక్కర్లేదు.

విడుదలయ్యాక కూడా ప్రమాదం ఉంది, ఇది చాలామందికి తెలియదు. నెలల తరబడి మాడిన మనిషికి ప్రేమతో కడుపునిండా పెడితే చచ్చిపోవచ్చు. 1945లో జపాన్ శిబిరాల నుంచి బయటపడ్డవాళ్లలో డాక్టర్లు దీన్ని గమనించారు. ఒక్కసారిగా పిండిపదార్థం పడగానే ఇన్సులిన్ పెరిగి రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం కణాల్లోకి పోతాయి, గుండె లయ తప్పుతుంది. ఇవాళ్టి వైద్య పద్ధతి ప్రకారం ముందు బి1 ఇచ్చి, తర్వాత రోజుకి కిలో బరువుకి 10 కేలరీల దగ్గర మొదలుపెట్టి, రక్త పరీక్షలు చేస్తూ నాలుగు నుంచి ఏడు రోజుల్లో మెల్లగా పెంచాలి. 45 కిలోల మనిషికి మొదటి రోజు 450 కేలరీలే. పల్చటి చోడి (రాగి) అంబలి నాలుగైదు గ్లాసుల్లోనే ఆ లెక్క తీరిపోవచ్చు. సరిహద్దు దాటి వచ్చినవాడికి మిఠాయిలు తినిపిస్తున్న ఫోటోలు చూసినప్పుడల్లా పక్కన డాక్టరు ఉన్నాడా అని వెతుక్కోవలసి వస్తుంది.

"వాళ్లు మనవాళ్లని అలా చేస్తే మనం ఎందుకు ఊరుకోవాలి?" కోపంలో ఈ మాట అననివాడు ఉండడు, కొడుకుని పోగొట్టుకున్నవాడు అంటే ఎదురు చెప్పడానికి నోరు రాదు. కానీ సమాధానం చెప్పాలి. ఖైదీల మీద ప్రతీకారం తీర్చుకోకూడదని 13వ అధికరణ సూటిగా నిషేధిస్తుంది, ఎదుటివాడు ఏం చేసినా. చట్టం పక్కన పెట్టి లాభనష్టాలే చూసినా లెక్క అటే తేలుతుంది. కొడితే మనిషి ఏదో ఒకటి చెబుతాడు, నొప్పి ఆగడానికి. అది నిజమో అబద్ధమో తేల్చడానికి మళ్లీ అంత పని. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ వైమానిక దళంలో హాన్స్ షార్ఫ్ అనే విచారణాధికారి ఖైదీలని అడవిలో నడకకి తీసుకెళ్లి, కబుర్లు చెబుతూ, తనకి అన్నీ తెలుసన్నట్టు మాట్లాడి వాళ్ల నోటితోనే మిగతావి రాబట్టేవాడు. చెయ్యి చేసుకునేవాడు కాదు. యుద్ధం అయ్యాక అమెరికన్లే ఆయన పద్ధతి అడిగి తెలుసుకున్నారు. ఇంకోటి: లొంగిపోతే బతుకుతామని నమ్మిన శత్రువు తుపాకీ దించుతాడు. లొంగినా చావే అని తెలిసినవాడు ఆఖరి తూటా దాకా కొడతాడు, ఆ తూటాలు తగిలేది మనవాళ్లకే.

మనకి గర్వపడదగ్గ చరిత్ర ఉంది, అలాగే ఒప్పుకోవలసింది కూడా. 1971 డిసెంబరు 16న ఢాకాలో లొంగిపోయిన పాకిస్తానీయులు, సైనికులూ పౌరులూ కలిపి, సుమారు 93,000 మంది. వాళ్లని మన దేశంలోని శిబిరాల్లో పెట్టి పోషించాం, రెడ్‌క్రాస్‌ని రానిచ్చాం. అదే సమయంలో, పోరాటం ముగిసిన వెంటనే ఆలస్యం లేకుండా పంపేయాలని 118వ అధికరణ చెబుతుంటే, పంపడం మొదలైంది 1973 ఆగస్టు 28 నాటి ఢిల్లీ ఒప్పందం తర్వాత. పూర్తయ్యేసరికి 1974 ఏప్రిల్. వాళ్లు లొంగింది బంగ్లాదేశ్‌తో కలిసిన ఉమ్మడి కమాండ్‌కని, యుద్ధనేరాల ఆరోపణలున్న 195 మందిపై విచారణ ఉందని మన వాదన మనకుంది. ఆ వాదనలో బలమూ ఉంది. కానీ అక్షరం ప్రకారం అది ఆలస్యమే. అదే యుద్ధంలో పాకిస్తాన్ జైళ్లలో ఉండిపోయారని నమ్ముతున్న మన 54 మంది పేర్లు జాబితాగా మిగిలిపోయాయి. 2007లో వాళ్ల బంధువులు కొందరు పాకిస్తాన్ జైళ్లకు వెళ్లి చూశారు, జాడ దొరకలేదు. పాకిస్తాన్ తమ దగ్గర ఎవరూ లేరంటుంది. పేరు రిజిస్టరులోకి ఎక్కని సందు యాభై ఏళ్లు దాటినా మూసుకోలేదు.

మన చట్టంలో కూడా ఒక ఖాళీ ఉంది. జెనీవా ఒప్పందాల చట్టం, 1960 ప్రకారం రక్షణ పొందిన ఖైదీని కావాలని చంపితే ఉరి లేదా యావజ్జీవం, ఇతర తీవ్ర ఉల్లంఘనలకు 14 ఏళ్ల దాకా జైలు. కానీ ప్రభుత్వమో, అది నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు తీసుకోదు. ఈ చట్టం వ్యక్తులకి నేరుగా కోర్టుకెళ్లే హక్కు ఇవ్వదని 1969లో గోవాకు చెందిన మోంటెయిరో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఖైదీ తండ్రి తలుపు తట్టడానికి చట్టంలో గుమ్మమే లేదు. దీన్ని మార్చాలని అడగడం దేశద్రోహం కాదు. ఆ గుమ్మం రేపు మనవాళ్లకే కావాలి.

ఇక మత్స్యకారుల మాట. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన మన రెండు జిల్లాల వాళ్లు పాకిస్తాన్ చేతికి చిక్కారు. 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర ఈ నేల మీద కాలు పెట్టారు. పదమూడు నెలలు దాటింది. వీళ్లు యుద్ధఖైదీలు కారు. కారు కాబట్టే వీళ్లకి ఆ కార్డు లేదు, నెలకి రెండు ఉత్తరాల హక్కు లేదు, నెలవారీ తూకం లేదు. తుపాకీ పట్టినవాడికి ఉన్న రక్షణ వల పట్టినవాడికి లేకపోవడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా? 1982 సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణ, ప్రత్యేక ఆర్థిక మండలంలో (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే సముద్రంలో) చేపల వేట ఉల్లంఘనకి, దేశాల మధ్య వేరే ఒడంబడిక ఉంటే తప్ప, జైలు శిక్ష వేయకూడదని, పూచీకత్తు మీద పడవనీ మనుషుల్నీ త్వరగా వదలాలని చెబుతుంది. ఆచరణలో విదేశీయుల చట్టాల కిందో, తీరానికి దగ్గరగా ఉండే ప్రాదేశిక జలాల పేరుతోనో కేసు పెట్టి జైల్లో వేస్తారు, ఆ పడవలూ తిరిగిరావు.

2008 మే 21న రెండు దేశాలూ ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకోవాలి. పట్టుబడ్డ మూడు నెలల్లో మన హైకమిషన్ వాళ్లని కలవనివ్వాలి. జాతీయత తేలి, శిక్ష పూర్తయిన నెల లోపు పంపాలి. జాబితాలు క్రమం తప్పకుండా మారుతున్నాయి. చిక్కంతా "జాతీయత తేలి" దగ్గర. రెండు దేశాల రిటైర్డ్ జడ్జీల కమిటీ జైళ్లకు వెళ్లి ఇలాంటి చిక్కులు చూసేది, 2013 తర్వాత ఆ పర్యటనలు ఆగిపోయాయి.

జాతీయత తేల్చడం అంటే కరాచీ జైల్లో చెప్పిన పేరూ ఊరూ ఇస్లామాబాద్ మీదుగా ఢిల్లీకి, అక్కడినుంచి రాష్ట్రానికి, జిల్లా ఎస్పీకి, ఆఖరికి మన మండలం పోలీస్ స్టేషన్‌కి వచ్చి, ఒక కానిస్టేబులు పల్లెలో అడిగి, మళ్లీ అదే దారిన వెనక్కి పోవడం. పేర్లు ఇక్కడే తప్పుతాయి. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లు దాన్నే పేరనుకుంటారు. ఉర్దూలో రాసి ఇంగ్లీషులోకి మార్చేసరికి అక్షరాలు మారిపోతాయి. ఒకే పల్లెలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ముగ్గురు నలుగురు ఉంటారు. "శ్రీకాకుళం" అని మాత్రమే చెప్పి మండలం చెప్పకపోతే కాగితం నెల రోజులు తిరుగుతుంది. సైనికుడికి నంబరు ఉంది, అది ఇంకొకరికి ఉండదు. పడవలో కూలికి పనిచేసే కలాసీకి ఏముంది?

అందుకే ఆగస్టులో గుజరాత్ రైలెక్కే ముందు ప్రతి ఇంట్లో ఒక కాగితం రాసుకోవాలని నా గట్టి నమ్మకం. ఇంటిపేరు వేరుగా, పేరు వేరుగా, ఆధార్‌లో ఉన్న ఇంగ్లీషు అక్షరాలతోనే. తండ్రి పేరు. ఊరు, పంచాయతీ, మండలం, పోలీస్ స్టేషన్, జిల్లా. ఆధార్ నంబరు, మత్స్యకార గుర్తింపు కార్డు నంబరు. ఒంటి మీద పుట్టుమచ్చలు. వాడే మందులు, బీపీ షుగరు ఉంటే ఆ సంగతి. గుజరాత్‌లోని వేరావల్ రేవుకి చేరాక పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తండేలు (పడవ నడిపించే పెద్ద) పేరు, ఓనరు ఫోను తెలుసుకుని ఇంటికి చెప్పాలి, ఇంట్లోవాళ్లు కింద చేర్చుకోవాలి. పడవ మారితే అదీ మార్చి రాయాలి, సగం తికమకలు పడవ మారినప్పుడే వస్తాయి. కొత్తగా తీసిన ఒక ఫోటో అంటించాలి. రెండు ప్రతులు తీసి ఒకటి ఇంటి ట్రంకుపెట్టెలో, ఒకటి పంచాయతీ ఆఫీసులో పెట్టాలి. పడవలోకి తీసుకెళ్లిన కాగితం మొదటి రోజునే తడిసిపోతుంది, లేదా వాళ్లు లాక్కుంటారు.